దాపటెద్దును ఎలపట కట్టినప్పుడు

"మా క్లబ్బు" అని నేను అన్నప్పుడల్లా మా ఊళ్ళో వాళ్ళకి అదేదో రైతుల క్లబ్బు అనిపించేది. వేపపిండి సబ్సిడీ మీద ఇస్తున్నారా అని ఒకాయన నన్ను పక్కకి పిలిచి మరీ అడిగాడు. లేదండీ, మొన్న శనివారం రెండు గోల్స్ ఇచ్చారు అన్నాను. పోనీలే, ఏదో ఒకటి ఇచ్చారుగా అన్నాడాయన.

మా ఊరు అద్దంకి పక్కన. బస్సెక్కితే కండక్టరు చిల్లర వెతికేలోపే వచ్చేస్తుంది. మా క్లబ్బు ఫుట్‌బాల్ క్లబ్బు, ఇంగ్లండ్‌లో. ఇంగ్లండ్ సంగతి దేవుడెరుగు, అప్పటికి నేను గుంటూరే సరిగ్గా చూడలేదు. చూసిన కాసేపూ మిరప యార్డులో తుమ్ముతూ, కళ్ళు మూసుకుని చూశాను. అయినా "మా" అనడానికి సిగ్గుపడలేదు. మా ఊళ్ళో సినిమా హీరోని "మావాడు" అనేవాళ్ళలో ఎంతమందికి ఆయన ఇంటి గేటు కనపడింది గనక?

ఈ జబ్బు నాకు కేబులు ద్వారా సోకింది. మా కేబులాయన భక్తి ఛానెల్ పెట్టబోయి ఆటల ఛానెల్ పెట్టాడు. మా పెద్దమ్మ వెళ్ళి గొడవపడి దేవుళ్ళని వేరే నంబరులో పెట్టించుకుంది గానీ, ఆ రెండు రోజుల్లో నాకు కావలసిన దేవుడు నాకు దొరికిపోయాడు. ఎర్ర చొక్కా వేసుకుని, ఎడమ గీత పట్టుకుని పరిగెత్తేవాడు. వాణ్ణి పట్టుకోవడానికి ముగ్గురు వచ్చేవాళ్ళు, ముగ్గురూ కింద కూర్చునేవాళ్ళు. పేరు రాయను. రాస్తే వాడిదే దేశం, వాడిదే క్లబ్బు అని మళ్ళీ కొట్లాట మొదలవుతుంది. ఆ కొట్లాట గురించే ఇదంతా.

ఊళ్ళో నాకు తోడు ఇంకొక్క ఫుట్‌బాల్ అభిమాని ఉండేవాడు. బస్టాండు దగ్గర టైలరు షాపు వాడిది. నాతో పదో తరగతి దాకా చదివి, లెక్కలకి దణ్ణం పెట్టి కుట్టుమిషను ఎక్కాడు. వాడికి క్లబ్బు లేదు, దేశం ఉంది. ఇండియా కాదు. ఆ దేశపు చొక్కా రంగులు తన షాపులో మిగిలిపోయిన ముక్కల్లో ఉన్నాయి, వాటితో వాడొక చొక్కా కుట్టుకున్నాడు, చొక్కా కుట్టుకున్నాక ఇక ప్రాణమిచ్చేశాడు. దేశభక్తి ఇంతకంటే బలమైన కారణాలతో పుట్టినట్టు నేను ఎక్కడా చదవలేదు.

దురదృష్టం ఏంటంటే, నా ఎడమగీత దేవుడు పుట్టింది ఆ దేశంలోనే.

ఫుట్‌బాల్‌లో ఒక ఏర్పాటు ఉంది. ఆటగాణ్ణి ఏడాదంతా క్లబ్బు మేపుతుంది. జీతం, డాక్టరు, మాలిషు, పడుకోడానికి ఇల్లు, అన్నీ క్లబ్బువే. మధ్యలో ఒకరోజు దేశం అనేది వస్తుంది. "ఒక్క పెళ్ళికి వేసుకెళ్ళి ఇచ్చేస్తా వదినా" అని పక్కింటావిడ గొలుసు అడిగినట్టు అడుగుతుంది. క్లబ్బు కాదనడానికి లేదు, రూలు. ఎరువుల సొమ్ము బరువుల చేటు అంటారు గానీ, బరువు ఎరువు తెచ్చుకున్నవాడికి కాదు, ఇచ్చినవాడికే. పెళ్ళి అయ్యేదాకా ఇచ్చినావిడ భోజనం చేయదు, ఆ గొలుసు వంకే చూస్తుంటుంది.

నేనూ అంతే. దేశాల మ్యాచ్ వచ్చిందంటే నేను ఆట చూడను, కాళ్ళు చూస్తాను. మావాడు పడ్డాడా, లేచాడా, లేచి మోకాలు పట్టుకున్నాడా. గోల్ ఎవరు కొడితే నాకేంటి? ఇంకో బాధ కూడా ఉంది. ఆ మ్యాచుల్లో మావాడు ఒక వైపు, మా గోల్‌కీపరు ఇంకో వైపు. మావాడు కొట్టాడు, మావాడే ఆపాడు. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు నెత్తిన పెట్టుకున్నాను. ఇక మాకు బద్ధశత్రువైన క్లబ్బువాడొకడు, పోయిన నెల మావాడి చీలమండ మీద నిలబడ్డవాడు, ఇప్పుడు అదే దేశం చొక్కా వేసుకొచ్చి మావాణ్ణి కౌగలించుకుంటాడు. గట్టు తగాదాలో తలలు పగలగొట్టుకున్న ఇద్దరు, తిరునాళ్ళ రోజున ఒకే ప్రభ కింద భుజం పెట్టినట్టు.

"కన్నదెవర్రా?" అనేవాడు టైలరు.

"మేపేదెవర్రా?" అనేవాణ్ణి నేను.

"అసలా దేశం మ్యాపులో ఎక్కడుందో చూపించరా ముందు" అని కూడా అనేవాణ్ణి.

"నీ క్లబ్బు ఎక్కడుందో నీకు తెలుసా?"

"తెలుసు. ముప్పై రెండో ఛానెల్."

ఆ ఏడాది ప్రపంచ కప్పు జపాన్, కొరియాల్లో వచ్చింది. దానివల్ల మా ఊరికి జరిగిన మేలు, మ్యాచులు పట్టపగలు రావడం. జూన్ నెల, వాన లేదు, పత్తి గింజల ప్యాకెట్లు ఇళ్ళల్లో అటకల మీద కూర్చుని ఉన్నాయి, నా డిగ్రీ రెండో ఏడు పరీక్షలు అయిపోయాయి. పనిలేనివాళ్ళందరూ పెదనాన్న ఇంట్లో టీవీ ముందు చేరేవాళ్ళు. ఊళ్ళో పనిలేనివాళ్ళంటే, కరెంటున్నప్పుడు ఊరంతా.

పెదనాన్నకి ఫుట్‌బాల్ అర్థం కాదు. గోల్‌కీపరు ఒళ్ళొంగనివాడని ఆయన నమ్మకం. "అందరూ చెమట్లు కారుస్తుంటే వీడు ఆ పందిరి కింద నిలబడతాడేంట్రా?" అనేవాడు. రెఫరీ ఆ పొలం ఆసామీ అనుకున్నాడు, విజిల్ వేస్తే అందరూ ఆగుతున్నారు గనక. ఆయన శాస్త్రం వేరు. ఆయనది ఎడ్ల బండలాగుడు. ఒంగోలు జాతి ఎడ్ల జతని కాడికి కట్టి, రాతిబండ తగిలించి, టైము పెట్టి, ఎంత దూరం లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. మా వైపు దానికున్న గౌరవం పెళ్ళికి కూడా లేదు. పెళ్ళికి టైముకి ఎవడూ రాడు.

పెదనాన్న జత ఆ చుట్టుపక్కల పేరున్నది. అరక వెనక నిలబడి చూస్తే ఎడమ చేతి వైపుది దాపటెద్దు, కుడి చేతి వైపుది ఎలపటెద్దు. చిన్నప్పటి నుంచి ఏ వైపు అలవాటు చేస్తే జీవితాంతం అదే వైపు. ఇందులో దాపటిది అసలైన సరుకు. తెల్లగా, మూపురం దగ్గర బూడిద రంగు, నడుస్తుంటే ఊళ్ళో పెద్దమనుషులు అరుగు మీద కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. మా ఇళ్ళల్లో కోడిగుడ్డు నాకు ఆదివారం, దానికి రోజూ. ఉలవలు ఉడికాయో లేదో పెదనాన్న నోట్లో వేసుకుని చూశాకే దానికి పెట్టేవాడు. పెద్దమ్మ వండిన కూరలో ఉప్పు లేకపోయినా ఆయనకి తెలిసేది కాదు.

ఏరువాక పున్నమికి మా ఊళ్ళో పందెం. వరసగా కొన్నేళ్ళు ఏదో ఒక అడ్డు వచ్చింది, ఈసారి మాత్రం మొదటి బహుమతి మన గడపలోకే అని ఆయన ఉగాది నాడే ప్రకటించేశాడు. పంచాంగంలో లేకపోయినా.

అప్పుడొచ్చాడు మామయ్య. పెద్దమ్మ తమ్ముడు.

పెద్దమ్మ పుట్టిల్లు సింగరాయకొండ దగ్గర. ఆవిడ గురించి ఒక ముక్క చెప్పాలి. ఏడాదంతా మా క్లబ్బుకే ఆడేది. మా వంట, మా గేదెలు, మా చుట్టాలు, మా కోపాలు. కానీ పుట్టింటి నుంచి కబురొచ్చిందా, చొక్కా మార్చేసేది. మూడేళ్ళ కిందట ఆ ఇంట్లో జరిగిన పెళ్ళిలో పెదనాన్నకి విడిది ఇంట్లో ఫ్యాను లేని గది ఇచ్చారు. అప్పటి నుంచి ఆయనకీ మామయ్యకీ మాటల్లేవు. రాకపోకలున్నాయి, భోజనాలున్నాయి, మాటలు మాత్రం లేవు. ఏది చెప్పినా పెద్దమ్మ మీదుగా పోవాలి.

మామయ్య వరండాలో ఒక మంచం మీద. పెదనాన్న అదే వరండాలో రెండో మంచం మీద. మధ్యలో మజ్జిగ గ్లాసులతో పెద్దమ్మ.

"అక్కా, బావకి చెప్పు. మా జతలో ఒకదానికి గిట్ట పగిలింది. మా ఊరి తిరునాళ్ళ పందెం ముంచుకొచ్చింది. ఒక ఎద్దు కావాలి."

పెద్దమ్మ ఇటు తిరిగింది. "తమ్ముడికి ఒక ఎద్దు కావాలంటండీ."

"వినపడింది. ఫ్యాను లేని గదిలో ఉక్కకి నా కళ్ళు తిరిగాయి గానీ, చెవులు బానే ఉన్నాయని చెప్పు."

"అక్కా, ఆ రోజు ఊరంతా కరెంటే లేదని చెప్పు. ఫ్యానుంటే మాత్రం ఏం చేసుకునేవాడంట?"

"తిరక్కపోతే తిరక్కపోయె. ఉందా లేదా అన్నది మర్యాద. అది చెప్పు."

నేను గుమ్మంలో కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాను. "పెద్దమ్మా, ఇద్దరికీ నీ మాట ఆలస్యంగా అందుతోంది. యాంటెన్నా కొంచెం అటు తిప్పు" అన్నాను. పెద్దమ్మ చూసిన చూపుకి తొక్కలన్నీ ఏరి బయట పారేశాను.

చివరికి పెద్దమ్మ కొంగు కళ్ళకి పెట్టుకుంది. "మా పుట్టింటి పరువండీ" అంది.

"మరి నా పరువు? ఏరువాక ఎంతలో ఉందే?"

"దానికి ముందే పంపిస్తాడుగా."

"ఎట్లా పంపిస్తాడు? కుంటుకుంటూ పంపిస్తాడు!"

"పెదనాన్నా, దేశం పిలిస్తే క్లబ్బు కాదనడానికి లేదు. రూలు" అన్నాను.

"నువ్వు నోర్మూసుకో."

నోరు మూసుకున్నాను గానీ, ఆయన మొహం చూస్తే జాలేసింది. అద్దంలో నా మొహమే.

ఇక్కడ మా పెదనాన్న తన జాతి లక్షణం చూపించాడు. ఇవ్వనంటే గొడవ. ఇచ్చినా, రెండింట్లో తక్కువదిస్తే "చూశారా, ఫ్యాను గదికి బదులు తీర్చుకున్నాడు" అంటారు. కాబట్టి ఇస్తే మంచిదే ఇవ్వాలి, జన్మంతా వాళ్ళ మొహాన కొట్టినట్టు ఇవ్వాలి. "దాన్నే తోలుకుపొమ్మను" అన్నాడు, కొట్టం వైపు చూడకుండా.

వ్యాను వచ్చిన రోజు దాపటెద్దుకి బొట్టుపెట్టారు, హారతిచ్చారు. సరిహద్దుకి పంపుతున్నట్టుంది. పెదనాన్న పెద్దమ్మ మీదుగా మామయ్యకి జాగ్రత్తలు చెప్పాడు. ఉలవలు ఎంత నానాలి, గుడ్లు ఎప్పుడు కొట్టిపోయాలి, చెర్నాకోల చూపిస్తే చాలు తగలనివ్వకూడదు, లౌడుస్పీకరు పక్కన కట్టేయకూడదు, దానికి ఆ పాటలు నచ్చవు. మామయ్య అన్నింటికీ అక్క వంక చూసి తలూపాడు.

మనిషి తలకాయలో పట్టగల ప్రతి విషయం చెప్పుకున్నారు, ఒక్కటి తప్ప.

ఎద్దు పోయాక పెదనాన్న టీవీ ముందు స్థిరపడ్డాడు. కొట్టంలో కూర్చుంటే మనసు బాగుండటం లేదట. అలా ఆయన ప్రపంచ కప్పుకి వచ్చాడు. మావాడి దేశం మ్యాచ్ ఒకటి మధ్యాహ్నం మొదలైంది. టైలరు ముక్కల చొక్కా వేసుకుని, మెళ్ళో టేపుతో సహా వచ్చేశాడు.

ఆట మొదలైన కాసేపటికి గమనించాను. మావాడు కుడి గీత మీద ఉన్నాడు. ఏడాదంతా ఎడమ గీత మీద గాలిలా పోయేవాడు, ఇప్పుడు కుడి వైపు నిలబడి బంతొస్తే, కొత్త చెప్పులు వేసుకున్న పెళ్ళికొడుకులా సర్దుకుంటున్నాడు. ఆ దేశపు కోచ్‌కి ఎడమ వైపు ఇంకొకడున్నాడట. ఆ ఇంకొకడు మా శత్రు క్లబ్బు వాడు. చీలమండ మీద నిలబడ్డవాడే.

పెదనాన్న ముందుకి వంగాడు. "ఏరా, ఆ కుర్రాడు మొన్నటిదాకా దాపటవాడు కదూ?"

"అవును పెదనాన్నా."

"ఎలపట కట్టారేంట్రా?"

"దేశం కట్టింది. అడిగేవాడెవడు?"

"బుద్ధుండొద్దూ? కొన్నవాడికి తెలుసు, ఎటు కట్టాలో. ఎరువు తెచ్చుకున్నవాడికేం తెలుసు?" అని, తన మాట తనకే తగిలినట్టు "మజ్జిగ తేవే" అని అరిచాడు. మజ్జిగ ఆయన పక్కనే ఉంది.

టైలరు మాత్రం తగ్గలేదు. "దేశం కోసం ఎటైనా ఆడాల్రా."

"సరే, రేపు నిన్ను మిషను అటు వైపు కూర్చుని కుట్టమంటే కుడతావా?"

"దేశం కోసమైతే కుడతా."

"నీ చొక్కా చూస్తే ఇప్పటికే అలా కుట్టినట్టుంది."

తర్వాతి మ్యాచ్‌లో మావాడి తొడ పట్టేసింది. పక్కకి తీసుకెళ్ళారు. ఒకాయన సూది వేశాడు. మళ్ళీ లోపలికి తోలారు. కామెంటరీ చెప్పేవాడికి పూనకం వచ్చింది. దేశం కోసం నొప్పిని దిగమింగుతున్నాడట. దేశం కోసం దిగమింగేది ఒక గంట. ఆగస్టులో క్లబ్బు ఆటలు మొదలయ్యాక మింగలేక కక్కలేక కూర్చునేది నేను. సూది మీద ఒక సగం ఆట పరిగెత్తి, చివర్లో కూలబడ్డాడు. ఇద్దరి భుజాల మీద బయటికి పోతున్నవాణ్ణి చూసి జనం లేచి చప్పట్లు కొట్టారు. టైలరు ఏడ్చాడు. నేను కేబులు వైరు పీకేశాను. అది పెదనాన్న ఇల్లు అని తర్వాత గుర్తొచ్చింది.

తిరునాళ్ళ పందేనికి రానని పెదనాన్న ఊరందరికీ చెప్పాడు. ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాపులో ఉన్నాడు. "నేను పందెం చూడ్డానికి రావట్లేదు. ఎద్దుని చూసొస్తా" అన్నాడు. తోడుగా నేను. పెద్దమ్మ ముందు రోజే వెళ్ళిపోయింది, క్యాంపుకి.

ఎండ కాల్చేస్తోంది. చెరుకురసం బండి, తువ్వాళ్ళు నెత్తిన వేసుకున్న జనం, తాళ్ళు కట్టిన బరి, ఆ చివర బండ. మైకాయన ఒక్కో జతకీ ముందుగా వంశచరిత్ర చదువుతున్నాడు. మామయ్య జత పేరు పిలిచాడు. పెదనాన్న ఆకాశంలో ఏదో ముఖ్యమైన మబ్బుని చూస్తున్నాడు.

నేను ఆయన మోచెయ్యి గోకాను. "పెదనాన్నా."

"నేను చూడను."

"చూడొద్దులే. దాపటిది ఎలపట ఉంది. ఊరికే చెప్తున్నా."

ఆయన మెడ తిరిగిన వేగానికి తువ్వాలు ఎగిరి పక్కాయన మీద పడింది.

నిజమే. మామయ్యకి గిట్ట పగిలింది ఎలపటెద్దుకి. ఆయన దగ్గర మిగిలిందీ దాపటిదే, ముసలిది. పెదనాన్న పంపిందీ దాపటిదే. రెండు దాపటెడ్లు ఒక కాడి కింద. మామయ్యకి తేడా తెలీదని కాదు. బావ కావాలనే ఇలా పంపాడని ఆయన లెక్క. అడిగితే అలుసైపోతాననీ, అడక్కుండానే లాగించి చూపించాలనీ పంతం. ఇక మా పెదనాన్న, ఇస్తే మంచిదే ఇవ్వాలనుకున్నాడు గానీ, ఏ వైపుది కావాలో అడగలేదు. ఆయన కొట్టంలో ఎద్దంటే అదొక్కటే మరి.

విజిల్ పడింది. రెండు ఎడ్లూ బలంగానే లాగాయి. కానీ ఒకే కుర్చీ మీద ఇద్దరు కూర్చోబోయినట్టు, మాది దాని అలవాటు చోటు కోసం ఎడమకి నెట్టింది, ముసలిది తన చోటు వదల్లేదు. బండ పక్కకి తిరిగింది. జత ఇంకా పక్కకి తిరిగింది. మరి కాసేపటికి మొత్తం వెనక్కి తిరిగి, కమిటీవాళ్ళ టేబులు వైపు వచ్చేస్తున్నాయి.

"అదిగో, కమిటీ పెద్దలకి నమస్కారం చేసుకుని మొదలుపెడదామని వస్తున్నాయి!" అన్నాడు మైకాయన. కమిటీ పెద్దలు కుర్చీలు ఎత్తుకుని పరిగెత్తారు.

పెదనాన్న తాడు దూకాడు. ఆ వయసులో ఆయన దూకగలడని డాక్టరు కూడా నమ్మడు.

"ఒరేయ్! అది దాపటెద్దురా! ఎలపట కట్టావేంట్రా తలకిమాసినోడా!"

మూడేళ్ళ తర్వాత బావమరిదితో ఆయన నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

"నేనడిగింది ఎలపటెద్దు బావా!" అని బరి మధ్యలోంచి మామయ్య.

"ఎప్పుడడిగావురా? ఎద్దు కావాలన్నావు!"

"మా ఇంట్లో దాపటిదుందని నీకు తెలీదా?"

"నీ ఇంట్లో ఏముందో నాకెట్లా తెలుస్తుంది? ఫ్యాను లేదని ఒక్కటే తెలుసు!"

"అక్కకి చెప్పా!"

ఇద్దరూ కలిసి పందిరి కింద ఆడవాళ్ళ వైపు తిరిగారు. పెద్దమ్మ లేచి నిలబడింది. "నాకేం తెలుసు? ఎద్దన్నాడు, ఎద్దన్నాను. మీకు నోళ్ళు లేవా?" అని కూర్చుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రోజు పందెంలో పడ్డ అతి పెద్ద చప్పట్లు అవే.

ఇదంతా జరుగుతుంటే గడియారం మాత్రం ఎవరి బావా కాదు, పోతూనే ఉంది. పలుపులు విప్పి, వైపులు మార్చారు. ముసలిది కుక్కిన పేనులా కుడి వైపుకి వెళ్ళి నిలబడింది, దానికిక ఏ ఆశలూ లేనట్టు. మిగిలిన టైములో మాది లాగిన లాగుడు చూడాలి. పెదనాన్న చూడనన్న సంగతి మర్చిపోయి, అడుగడుక్కీ పక్కన పరిగెడుతూ, "అదీ! అదీ నా తండ్రీ!" అని అరుస్తున్నాడు. ఎవరి జత అది? మామయ్యది. ఎవరి పరువు? పెద్దమ్మ పుట్టింటిది. గెలిస్తే బహుమతి ఎవరి గడపకి? అవన్నీ అడగాలని నోటిదాకా వచ్చింది.

అప్పుడు మాది ముందు కాలు జారింది. కింద పడలేదు. తమాయించుకుని ఇంకో రెండు బారలు లాగింది. విజిల్ పడ్డాక మాత్రం ఆ కాలు నేలకి ఆనించలేదు.

వ్యానులో తిరిగొచ్చాక పశువుల డాక్టరు వచ్చి చూశాడు. ఎముకకేం కాలేదు, నరం బెణికింది, విశ్రాంతి కావాలి, ఏరువాకకి మాత్రం కట్టొద్దు అన్నాడు. పెదనాన్న రెండు పూటలు అన్నం మానేశాడు. అంటే పెద్దమ్మ చూసేటట్టు మానేశాడు. హోటల్లో ఇడ్లీ తింటూ టైలరుకి దొరికిపోయాడు. మామయ్య మాత్రం రోజూ ఫోను చేసేవాడు. ఇప్పుడిక పెద్దమ్మ అవసరం లేదు, ఇద్దరూ నేరుగానే తిట్టుకునేవాళ్ళు. కాలు ఎట్లా ఉంది అనే మాటకి ముందు పది, తర్వాత పది.

ఏరువాక దగ్గర పడుతుంటే పందేల్లో తిరిగే ఒక పెద్దమనిషి కొట్టంలోకి వచ్చి కూర్చున్నాడు. కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికింత ఆలోచనెందుకయ్యా? పొద్దున ఒక సూది వేయిస్తే సాయంత్రం దాకా నొప్పే తెలీదు. బ్రహ్మాండంగా లాగుద్ది. తర్వాత సంగతి తర్వాత" అన్నాడు. సూది తెచ్చేవాడు కూడా తనకి తెలుసట.

ఆయన వెళ్ళాక పెదనాన్న చాలాసేపు ఎద్దు గంగడోలు నిమిరాడు. మొదటి బహుమతి మన గడపలోకే అని ఉగాది నాడు చెప్పిన మాట ఊళ్ళో ఇంకా తిరుగుతూనే ఉంది. కట్టకపోతే ఎదురింటాయన అరుగు మీద నుంచి ఏమంటాడో మాకందరికీ కంఠస్థం.

"ఏరా, మీవాడికి సూది వేశారుగా?" అన్నాడు నా వైపు చూడకుండా.

"వేశారు."

"ఇప్పుడెట్లా ఉన్నాడు?"

"పేపర్లో ఒక మూల వేశారు. తొడకి ఆపరేషనంట. మళ్ళీ ఎప్పుడు ఆడతాడో చెప్పలేమన్నారు."

"మరి దేశంవాళ్ళు ఏమన్నారు?"

"థాంక్స్ అన్నారు."

పెదనాన్న లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "ఆ సూదులాయన మళ్ళీ వస్తే నేను లేనని చెప్పు" అన్నాడు.

ఏరువాక నాడు పొద్దున్నే సింగరాయకొండ నుంచి వ్యాను వచ్చింది. మామయ్య దిగాడు, వెనక ముసలెద్దు దిగింది. "దాపటిదేరా? నిక్కచ్చిగా దాపటిదేనా?" అని పెదనాన్న వీధిలోకి వినపడేలా అడిగాడు. "అనుమానముంటే అక్కనడుగు" అన్నాడు మామయ్య. "మీ అక్కకేం తెలుసురా" అని ఇద్దరూ నవ్వుకున్నారు. పెద్దమ్మ పెసరట్లు వేయడం ఆపేసింది. కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే మళ్ళీ మొదలుపెట్టింది.

సాయంత్రం ఊరి బయట బరి. కొమ్ములకి రంగులు, మెళ్ళో పట్టెడలు. మా దెబ్బతిన్నదాన్ని కూడా పసుపు, కుంకుమ పెట్టి పూజకని తీసుకొచ్చారు. పూజ అయ్యాక దాని పలుపు నా చేతికిచ్చి, పెదనాన్న కాడి దగ్గరికి వెళ్ళాడు. ఎలపటెద్దుని తెచ్చి కాడికి కుడి వైపు నిలబెట్టారు. మామయ్య ముసలిదాన్ని నడిపించుకొస్తున్నాడు.

నేను టైలరుతో మాట్లాడుతున్నాను. నా క్లబ్బు సీజను నాశనమైపోయిందనీ, దానికి వాడి చొక్కాయే కారణమనీ వివరిస్తున్నాను. చేతిలో తాడు జారింది.

మాది కుంటుకుంటూ జనం మధ్యలోంచి పోతోంది. ఎవరూ తోలలేదు, ఎవరూ పిలవలేదు. నేరుగా కాడి దగ్గరికి వెళ్ళి, ఎలపటెద్దు పక్కన ఎడమ వైపు నిలబడి, మెడ కిందికి వంచింది. కాడి ఎత్తి పెట్టమన్నట్టు.

మైకాయన జోకు వేయబోయి ఆగాడు. నా దగ్గర కూడా రెండు సిద్ధంగా ఉన్నాయి.

"ఇవ్వాళ నువ్వు కాదులే నాన్నా" అన్నాడు పెదనాన్న. అది కదల్లేదు. మెడ నిమిరాడు, కదల్లేదు. మామయ్య ముసలిదాన్ని అక్కడే ఆపి, వచ్చి రెండో వైపు నుంచి మెల్లగా తోశాడు. బావా బావమరిదీ చెరో వైపు పట్టుకుని, ఒక్కో అడుగే వేయిస్తూ బయటికి తెచ్చారు.

"గట్టిగా పట్టుకో. ఈసారి వదిలావంటే నిన్ను కడతా" అని పెదనాన్న తాడు నా ముంజేతికి రెండు చుట్లు చుట్టాడు.

విజిల్ పడింది. అరుపులు మొదలయ్యాయి. ఒక్కో అరుపుకీ నా పక్కది ముందుకి ఒరిగేది. ముక్కు చీదేది. కుంటి కాలు కూడా ఆనించేసేది. నేను మడమలు నేలలో దిగేసి వెనక్కి లాగుతున్నాను. దుమ్ము. "లాగు! లాగు!" అని టైలరు బరి వైపు చూసి అరుస్తున్నాడు. వాడి నోరు మూద్దామంటే నాకు చెయ్యి ఖాళీ లేదు.

మా జత ఎంత లాగిందని తర్వాత అందరూ నన్ను అడిగారు. నాకు తెలీదు. ఆ సేపంతా నేను ఒక కాలు చూస్తూ ఉన్నాను.